పాయింట్లు పోయాయి, మైళ్లు రాలేదు: కార్డు పాయింట్లతో బిజినెస్ క్లాస్ టికెట్ కొనేటప్పుడు వచ్చే చిక్కులు, పరిష్కారాలు

తిరుపతి, చిత్తూరు వైపు పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లు చాలా. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలు పద్దెనిమిది, ఇరవై గంటలు ఎకానమీలో కూర్చోలేరు కాబట్టి కార్డు పాయింట్లను ఎయిర్‌లైన్ మైళ్లుగా (అంటే ఎయిర్‌లైన్ తన సభ్యులకిచ్చే సొంత పాయింట్లుగా) మార్చి బిజినెస్ క్లాస్ తీసుకుందామనుకుంటారు. మంచి ఆలోచన. కానీ నా దగ్గరికి సలహా కోసం వచ్చేవాళ్లలో ఎక్కువమంది పాయింట్లు పంపేసిన తర్వాతే వస్తారు. ముందుగా వస్తే పది నిమిషాల పని, తర్వాత వస్తే నెల రోజుల టెన్షన్. ఎయిర్‌లైన్ ఖాతాలో ఒకసారి జమ అయిన పాయింట్లను బ్యాంకు వెనక్కి తీసుకోదు. ఇక్కడ రాసిన జాగ్రత్తలన్నీ అందుకే.

లాగిన్ అవ్వడం, ఓటీపీ కొట్టడం, మీ కార్డుకు ఏ ఎయిర్‌లైన్లు భాగస్వాములో చూసుకోవడం మీకు తెలుసనుకుని రాస్తున్నాను.

సమస్య: మైళ్లు వచ్చాయి, సీటు దొరకడం లేదు

ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. కారణం కూడా ఎప్పుడూ ఒకటే: సీటు ఉందో లేదో చూడకుండా పాయింట్లు పంపేశారు. డబ్బుకు అమ్మే బిజినెస్ సీట్లు సైట్‌లో బోలెడు కనిపిస్తాయి, పాయింట్లకూ అవే ఇస్తారనుకుంటారు. ఇవ్వరు. పాయింట్లకు ఇచ్చే సీట్లకు వేరే కోటా ఉంటుంది. మూడొందల రూపాయల దర్శనం టికెట్ల లాగే, ఆ స్లాట్‌కి విడుదల చేసినవి అయిపోతే చేతిలో డబ్బున్నా దొరకదు.

పాయింట్లు పంపకముందే ఎయిర్‌లైన్ ఖాతా తెరవండి, దానికి డబ్బులేమీ కట్టక్కర్లేదు. లాగిన్ అయి, మైళ్లతో బుక్ చేసే పేజీలో మీ తేదీ పెట్టి వెతకండి. ఇద్దరు వెళ్లాలంటే ఇద్దరికని పెట్టే వెతకండి. ఒకరికి కనిపించిన సీటు ఇద్దరికని మార్చగానే పోవడం మామూలే. సింగపూర్ ఎయిర్‌లైన్స్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ లాంటివి ప్రయాణానికి 355 రోజుల ముందే బుకింగ్ తెరుస్తాయి. సంక్రాంతికో వేసవి సెలవులకో కావాలంటే అప్పటి నుంచే చూస్తూ ఉండాలి. సింగపూర్‌లో సేవర్, అడ్వాంటేజ్ అంటూ మైళ్ల ధరలు వేర్వేరుగా ఉంటాయి. చవకైనది సేవరే. సేవర్ వెయిట్‌లిస్టులో ఉంటే దాన్ని నమ్ముకుని పాయింట్లు పంపకండి.

ఒక ఎయిర్‌లైన్ తన సభ్యులకు చూపించే సీట్లన్నీ భాగస్వామి ఎయిర్‌లైన్ సభ్యులకు చూపించదు. ఎయిర్ ఇండియా, సింగపూర్ ఎయిర్‌లైన్స్ రెండూ స్టార్ అలయన్స్ అనే ఎయిర్‌లైన్ల కూటమిలోనే ఉన్నాయి కాబట్టి ఎయిర్ ఇండియా మహారాజా క్లబ్ పాయింట్లతో సింగపూర్ వాళ్ల దూరప్రయాణ బిజినెస్ సీటు తీసుకోవచ్చని చాలామంది లెక్కేస్తారు. ఆ సీట్లను సింగపూర్ సాధారణంగా తన సొంత మైళ్ల పథకమైన క్రిస్‌ఫ్లయర్ సభ్యులకే అట్టేపెట్టుకుంటుంది. ఏ ప్రోగ్రాంకి (ఎయిర్‌లైన్ మైళ్ల పథకానికి) పాయింట్లు పంపబోతున్నారో ఆ ప్రోగ్రాం సైట్‌లోనే సీటు చూడాలి.

పంపేశాక తెలిసిందా? తేదీని అటూ ఇటూ జరిపి చూడండి, రానుపోను కలిపి కాకుండా ఒకవైపు మాత్రమే వెతకండి. కొన్ని ఎయిర్‌లైన్లు కలిసి వాడే ఏవియోస్ అనే మైళ్లయితే కాస్త నయం. ఖతార్, బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఫిన్‌ఎయిర్, ఐబేరియా ఖాతాల మధ్య వాటిని మార్చుకోవచ్చు కాబట్టి ఒకచోట లేని సీటును ఇంకోచోట వెతుక్కోవచ్చు.

సమస్య: తిరుపతి నుంచి వెతికితే ఏమీ రావడం లేదు

రాదు. బయలుదేరే ఊరిని చెన్నై అనో బెంగళూరు అనో మార్చండి, రెండూ విడివిడిగా చూడండి. ఒకే తేదీకి చెన్నైలో లేని సీటు బెంగళూరులో దొరకొచ్చు. చిత్తూరు, పలమనేరు వాళ్లకు బెంగళూరు ఎటూ దారిలోనే. తిరుపతి వాళ్లు చెన్నైకి అలవాటుపడి బెంగళూరు వైపు చూడనే చూడరు. రేణిగుంట నుంచి వేరే టికెట్ మీద విమానంలో వెళ్లి అంతర్జాతీయ విమానం అందుకోవాలనుకుంటే మధ్యలో బాగా సమయం ఉంచుకోండి. మొదటిది ఆలస్యమైతే రెండో ఎయిర్‌లైన్‌కి మీ బాధ్యత ఉండదు.

సమస్య: సీటు కనిపిస్తోంది, బుక్ చేయబోతే ఎర్రర్

లేని సీటును సైట్ పాత సమాచారంతో చూపిస్తోంది. భాగస్వామి ఎయిర్‌లైన్ల సీట్ల విషయంలో ఇది ఎక్కువ. సీటును ఎంచుకుని, ప్రయాణికుల వివరాలు నింపి, పన్నులు ఎంతో చూపించే పేజీ దాకా వెళ్లండి. అక్కడిదాకా వెళ్లనిస్తే దాదాపు నిజమైన సీటే. మైళ్లు లేవని ముందే ఆపేస్తే ఆ ప్రోగ్రాం కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, ఫ్లైట్ నంబరు, తేదీ చెప్పి, వాళ్ల స్క్రీన్‌లో సీటు ఉందో లేదో అడగండి. వాళ్లు ఉందన్నాకే పాయింట్లు పంపండి.

సమస్య: బ్యాంకులో పాయింట్లు కట్ అయ్యాయి, ఎయిర్‌లైన్‌లో మైళ్లు రాలేదు

ముందు గడువు చూడండి. కొన్ని ప్రోగ్రాంలకు నిమిషాల్లో వెళ్తాయి, కొన్నింటికి పనిదినాలు లెక్కేసి చాలా రోజులు పడుతుంది. బ్యాంకు పేజీలో రాసిన గడువు దాటకపోతే ఆగండి. సభ్యత్వ నంబరులో అంకె తప్పు పడిందేమో కూడా చూసుకోండి. గడువు దాటి, నంబరు సరిగ్గానే ఉంటే నేను అడిగే మొదటి ప్రశ్న: మీ పేరు ఎక్కడెక్కడ ఎలా ఉంది?

అందరికంటే మన తెలుగువాళ్లకు ఎక్కువగా తగిలే దెబ్బ ఇది. ఎక్కడా ఎర్రర్ రాదు, యాప్‌లో అంతా పచ్చగా కనిపిస్తుంది, పాయింట్లు మాత్రం మధ్యలో ఆగిపోతాయి.

ఇంటిపేరు ఆవుల, పేరు మునిరత్నం రెడ్డి అనుకుందాం. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఆవుల, గివెన్ నేమ్ గడిలో మునిరత్నం రెడ్డి అని ఉంటుంది. బ్యాంకులో ఖాతా తెరిచినప్పుడు ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించి ‘ఎ మునిరత్నం రెడ్డి’ అని రాశారు. బ్యాంకు కంప్యూటర్ చివరి మాటను పట్టుకుని ఆయన ఇంటిపేరు రెడ్డి అనుకుంటుంది. ఎయిర్‌లైన్ ఫారంలో మనం ఇంటిపేరునే ముందు చెప్పే అలవాటుతో ఫస్ట్ నేమ్ దగ్గర ఆవుల, లాస్ట్ నేమ్ దగ్గర మునిరత్నం రెడ్డి అని నింపారు. మనిషి ఒక్కడే, కంప్యూటర్ల లెక్కలో ముగ్గురు. దీనికి తోడు స్పెల్లింగు. రత్నంలో ఒకచోట ‘హెచ్’ ఉంటుంది, ఇంకోచోట ఉండదు. శ్రీనివాసులుకి ఒకచోట రెండు ‘ఇ’లు, ఇంకోచోట ఒక ‘ఐ’. వెంకట సుబ్రహ్మణ్యం లాంటి పొడవైన పేరు కార్డు మీద చోటు చాలక సగంలో తెగిపోతుంది.

పాయింట్లు పంపేటప్పుడు సభ్యత్వ నంబరుతో పాటు పేరు కూడా వెళ్తుంది. కొన్ని ఎయిర్‌లైన్లు నంబరు చూసి జమ చేస్తాయి, కొన్ని ఇంటిపేరు సరిపోవాలంటాయి, కొన్ని పూర్తి పేరు సరిపోవాలంటాయి. సరిపోకపోతే తిప్పి పంపుతాయి. తిరిగి బ్యాంకు ఖాతాలో పడేదాకా పాయింట్లు ఇటూ ఉండవు, అటూ ఉండవు. ఫోన్ చేస్తే బ్యాంకు పంపామంటుంది, ఎయిర్‌లైన్ రాలేదంటుంది. పేరు గురించి మీరు అడిగేదాకా ఎవరూ ఎత్తరు. ఈలోగా సీటు పోతుంది.

పలమనేరు నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ మేష్టారుకి సరిగ్గా ఇలాగే జరిగింది. నంబరు కరెక్టు, గడువు దాటింది, రెండు కస్టమర్ కేర్లూ ఆగమంటున్నాయి. పాస్‌పోర్టు, బ్యాంకు యాప్‌లో ప్రొఫైల్ పేజీ, ఎయిర్‌లైన్ ప్రొఫైల్ పేజీ పక్కపక్కన పెట్టి చూశాం. ఎయిర్‌లైన్‌లో ఇంటిపేరు, పేరు తారుమారయ్యాయి. దాన్ని సరిచేయించి బ్యాంకుతో మళ్లీ పంపిస్తే జమ అయ్యాయి. ఆయన వెళ్లాల్సిన తేదీకి సీటు అప్పటికే పోయింది, ఇంకో వారానికి తీసుకోవాల్సి వచ్చింది.

పరిష్కారం పాస్‌పోర్టు దగ్గర మొదలుపెట్టాలి, ఎందుకంటే చివరికి విమానం ఎక్కించేది అదే. ఫొటో పేజీ అడుగున బాణం మొనల్లాంటి గుర్తులతో రెండు వరసలుంటాయి. పై వరసలో ‘పి’, దేశం కోడ్ ‘ఐఎన్‌డి’, దానికి అతుక్కుని సర్‌నేమ్, ఆ తర్వాత రెండు గుర్తులు పక్కపక్కన, ఆపైన మీ పేరు. ఆ జంట గుర్తులకు ముందున్నది లాస్ట్ నేమ్, తర్వాతది ఫస్ట్ నేమ్. దాన్ని అక్షరం అక్షరం చూసి ఎయిర్‌లైన్ ఖాతాలో అలాగే ఉండేలా చేయండి. తారుమారు అయితే పాస్‌పోర్టు కాపీ పంపి సరిచేయించుకోవచ్చు. ఖాతాలో మైళ్లు లేనప్పుడే ఈ పని చేసుకోండి. తప్పు పేరుతో ఉన్నదాన్ని వదిలేసి రెండో ఖాతా మాత్రం తెరవకండి, ఒకే మనిషికి రెండు ఖాతాలుంటే అది ఇంకో తలనొప్పి.

తర్వాత బ్యాంకు. కార్డు మీద అచ్చైన పేరు ఒక్కటే చూసి సరిపెట్టుకోకండి, బ్యాంకు రికార్డులో ఉన్న పేరు కూడా చూడాలి. అక్కడ ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటే బ్రాంచికి వెళ్లి పూర్తిగా రాయించండి. కేవైసీకి పాస్‌పోర్టు చెల్లే పత్రమే. పాన్‌లో పేరు వేరుగా ఉంటే అదీ సరిచేయమంటారు, విసుక్కోకుండా చేయించండి. ఇదంతా అయ్యాక బ్యాంకు అనుమతించే అతి తక్కువ పాయింట్లు ఒకసారి పంపి చూడండి. అవి జమ అయితే దారి సాఫీగా ఉన్నట్టే. ప్రయాణం ఇంకా అనుకోకముందే ఈ పరీక్ష అయిపోవాలి, సీటు దొరికిన రోజున చేసే పని కాదిది.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు ముందు బ్యాంకునే పట్టుకోండి, పంపింది వాళ్లు కాబట్టి. ట్రాన్స్‌ఫర్ రిఫరెన్స్ నంబరు, తేదీ, స్క్రీన్‌షాట్ పెట్టి ఈమెయిల్ రాయండి. ఏ పేరుతో పంపారు, ఎయిర్‌లైన్ తిప్పి పంపిందా అని ఈ రెండు ప్రశ్నలే సూటిగా అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు.

ఇదే చిక్కు ఇంకో రూపంలోనూ వస్తుంది. కొడుకు కార్డులో పాయింట్లుంటాయి, ప్రయాణం అమ్మది కాబట్టి అమ్మ పేరున ఎయిర్‌లైన్ ఖాతా తెరిచి అందులోకి పంపబోతారు. పేర్లు కలవవు, సాధారణంగా వెళ్లవు. అలా పంపాల్సిన అవసరమే లేదు. కొడుకు తన ఖాతాలోకే పంపుకుని, అక్కడి నుంచి అమ్మకు టికెట్ తీయవచ్చు. క్రిస్‌ఫ్లయర్‌లో అయితే ఇలా టికెట్ తీయడానికి అయిదుగురిని నామినీలుగా పెట్టుకోవచ్చు. ఏవియోస్ మార్చుకోవడానికి ఖతార్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఖాతాలను జత చేసేటప్పుడు కూడా పేరు, పుట్టినతేదీ, ఈమెయిల్ రెండుచోట్లా ఒకటే ఉండాలి. అక్కడ జత కుదరడం లేదంటే మళ్లీ ఇదే చూడండి.

సమస్య: అనుకున్నంత చవకగా పడటం లేదు

పన్నులు, ఇంధన సర్‌ఛార్జి డబ్బుగానే కట్టాలి, ఎయిర్‌లైన్‌ని బట్టి అవి చాలా తేడా ఉంటాయి. సింగపూర్ ఎయిర్‌లైన్స్ తన సొంత విమానాల్లో మైళ్ల టికెట్లకు ఇంధన సర్‌ఛార్జిని 2017లో తీసేసింది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ బిజినెస్ టికెట్లకు గట్టిగానే పడుతుంది. పైగా లండన్ నుంచి బయలుదేరితే బ్రిటన్ ప్రభుత్వం వేసే పన్ను బిజినెస్ క్లాసుకు ఎకానమీ కంటే ఎక్కువ.

లెక్క ఇలా వేయండి. ఉదాహరణకి డబ్బుకు కొంటే టికెట్ లక్ష రూపాయలు, మైళ్లతో తీసినా కట్టాల్సింది 15,000, కావలసిన మైళ్లు 40,000, మీ కార్డులో రెండు పాయింట్లకు ఒక మైలు. అంటే 80,000 పాయింట్లు 85,000 రూపాయలు మిగిల్చాయి, పాయింటుకు రూపాయి ఆరు పైసలు. హెచ్‌డీఎఫ్‌సీ ఇన్ఫీనియా లాంటి కార్డుతో ఆ బ్యాంకు సైట్ స్మార్ట్‌బైలో విమానం టికెట్‌కి పాయింటు రూపాయి లెక్కన నేరుగా వాడుకోవచ్చు. ఆరు పైసల కోసం ఇంత శ్రమ వద్దని నేనైతే చెబుతాను. పాయింటుకు రెండు రూపాయలు దాటితే తప్పకుండా పంపండి.

అరుదుగా వచ్చేవి

పంపడానికి బటనే పనిచేయకపోతే ఏడాది పరిమితి అయిపోయి ఉంటుంది. యాక్సిస్ బ్యాంకు 2023 డిసెంబరులో భాగస్వాములను రెండు గ్రూపులు చేసి వేర్వేరు పరిమితులు పెట్టింది. విస్తారా ఎయిర్‌లైన్ వాళ్ల పాత క్లబ్ విస్తారా సభ్యత్వ నంబరు వాడుతుంటే ఆపేయండి, 2024 నవంబరు 12న విస్తారా ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది. క్రిస్‌ఫ్లయర్ మైళ్లకు మూడేళ్లే ఆయుష్షు, ముందుగా పంపి దాచుకోవద్దు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నవాళ్లు దుబాయ్ మీదుగా వెళ్లే టికెట్ తీసేముందు పాస్‌పోర్టు సంగతి చూసుకోవాలి. ఒకే పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లను యూఏఈ 2022 నవంబరు నుంచి రానివ్వడం లేదు.

సమస్య: బుకింగ్ అయింది, చెక్-ఇన్‌లో టికెట్ లేదంటున్నారు

పీఎన్ఆర్ వచ్చింది కానీ టికెట్ విడుదల కాలేదు. భాగస్వామి ఎయిర్‌లైన్ మీద తీసినప్పుడు ఇలా జరుగుతుంది. బుక్ చేసిన మర్నాడే ఈమెయిల్‌లో 13 అంకెల టికెట్ నంబరు ఉందో లేదో చూడండి. లేకపోతే మైళ్లు తీసుకున్న ప్రోగ్రాంకి ఫోన్ చేసి టికెట్ ఇష్యూ చేయమని అడగండి. నంబరు వచ్చాక, మిమ్మల్ని ఎక్కించుకునే ఎయిర్‌లైన్ సైట్‌లో వాళ్ల పీఎన్ఆర్‌తో తెరిచి పేరు, తేదీ, సీటు సరిచూసుకోండి. చెన్నైకి కారు మాట్లాడుకోవడం ఆ తర్వాత.