వేటాడే బుష్ క్రికెట్‌ను గుర్తుపట్టడం ఎలా?

పొడుగు కాళ్లతో పచ్చగా కనబడితే చాలు, దాన్ని మిడత అనేస్తాం. మిడత అంటే ఆకులు తినేదే అనుకుంటాం. ఈ వంశంలో తోటి పురుగుల్ని పట్టి తినేవీ ఉన్నాయి, అవే వేటాడే బుష్ క్రికెట్లు. వాటిని పోల్చుకోవడానికి భూతద్దం, పక్క నుంచి తీసిన ఫోటో ఉంటే సరిపోతుంది. చేత్తో మాత్రం పట్టుకోవద్దు, పెద్దవి గట్టిగా కరుస్తాయి.

1. ముందు మీసాలు చూడండి. పొట్టిగా, కాస్త లావుగా ఉంటే అది మామూలు మిడత, సీలిఫెరా ఉపక్రమానిది. దాన్ని వదిలేయండి. దారంలా సన్నగా, ఒంటి పొడవును కూడా దాటిపోతే ఎన్సిఫెరా అనే మరో ఉపక్రమానిది. బుష్ క్రికెట్లు, ఇళ్లల్లో కీచుమనే క్రికెట్లు రెండూ ఇందులోవే.

2. ఆ రెంటినీ విడదీయడానికి పాదం గణుపులు లెక్కపెట్టండి. నాలుగుంటే బుష్ క్రికెట్, అంటే టెట్టిగోనిడే కుటుంబం. మూడుంటే మామూలు క్రికెట్. లెక్క తేలకపోతే ఆడదాని తోక వైపు చూడండి. అక్కడ పొడుచుకొచ్చిన భాగం బుష్ క్రికెట్‌కు కత్తిలా బల్లపరుపుగా, క్రికెట్‌కు సూదిలా ఉంటుంది. అది కుట్టే ముల్లేమోనని టెన్షన్ పడక్కర్లేదు, గుడ్లు పెట్టడానికే.

3. అసలు గుట్టు ముందు కాళ్లలో ఉంది. వేటాడే జాతులకు ముందు కాళ్ల, నడిమి కాళ్ల పిక్కల మీద పొడవాటి ముళ్లు రెండు వరసల్లో ఉంటాయి. కాళ్లు దగ్గరికి ముడిస్తే ఆ ముళ్ల మధ్య పురుగు బోనులో పడ్డట్టే. ఆకులు తినే జాతుల్లో ఈ ముళ్లు చిన్నవి, లేదా అసలు కనబడవు. నేనైతే రంగు, సైజు పట్టించుకోను, ముందు ఈ ముళ్లే చూస్తాను. ముందు కాలికే మోకాలి కింద సన్నటి చీలికలో, లేదా పల్చటి పొర రూపంలో చెవి ఉంటుంది. మామూలు మిడతకైతే చెవి పొట్ట పక్కన ఉంటుంది.

4. ఇప్పుడు ఉపకుటుంబం. సాగినే అనే ఉపకుటుంబంలో సాగా, ఆఫ్రికాలోని క్లోనియా అనే ప్రజాతులు ముఖ్యమైనవి. దక్షిణ ఐరోపా నుంచి మధ్య ఆసియా దాకా ఉండే సాగా పెడో అనే జాతికి 1771లో ప్రకృతి శాస్త్రవేత్త పల్లాస్ పేరు పెట్టాడు. రెక్కలు నామమాత్రమే. మగ తోడు లేకుండానే ఆడది గుడ్లు పెడుతుంది, వాటిలోంచి మళ్లీ ఆడపిల్లలే.

ఆస్ట్రేలియాలోని క్లోరోబాలియస్ ల్యూకోవిరిడిస్ మాత్రం లిస్ట్రోసెలిడినే అనే మరో ఉపకుటుంబానిది. దీని మాయ వేరు. సికాడా అంటే చెట్ల మీద రొద చేసే పురుగు. మగ సికాడా పాడితే ఆడ సికాడా రెక్కతో టిక్కుమని బదులిస్తుంది. ఈ బుష్ క్రికెట్ సరిగ్గా ఆ టిక్కునే అనుకరిస్తుంది. పెళ్లికూతురు పిలిచిందనుకుని వచ్చిన సికాడా దీని నోట్లో పడుతుంది.

5. ముళ్లు చూడగానే పూర్తి మాంసాహారి అని తేల్చేయకండి. ఐరోపాలో కనిపించే టెట్టిగోనియా విరిడిసిమా అనే బుష్ క్రికెట్ ఈ రెండు ఉపకుటుంబాలకూ చెందదు, పురుగుల్నీ తింటుంది, ఆకుల్నీ తింటుంది. నోట్లో ఏముందో కూడా ఫోటోలో పడితే అదే గట్టి సాక్ష్యం.