దాళ్వా అయ్యాక యూరప్ వెళ్లేవాళ్లు వీసాకి ముందు చూసుకోవాల్సినవి

దాళ్వా (రెండో పంట) ధాన్యం అమ్ముకుని, పిల్లలకి సెలవులిచ్చాక మే నెలలో యూరప్ వెళ్లొద్దామని భీమవరం, అమలాపురం వైపు కుటుంబాలు అనుకుంటాయి. అందరూ ఆ నెలే అనుకుంటారు, చిక్కంతా అక్కడే. హైదరాబాద్‌లో వీసా దరఖాస్తు ఇవ్వడానికి వేసవి స్లాట్లు ముందే నిండిపోతాయి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు, 15 రోజుల కంటే దగ్గరపడితే తీసుకోరు. నిర్ణయం మామూలుగా 15 రోజుల్లో వస్తుంది, ఒక్కోసారి 45 రోజులూ పడుతుంది. సంక్రాంతి కోడిపందేల సందడి తగ్గగానే ఈ పని మీద కూర్చోవడం మేలు.

షెంగెన్ వీసా ఒక్కటుంటే 29 దేశాలు తిరగొచ్చు. కానీ ఏ దేశాన్ని అడగాలన్నది మన ఇష్టం కాదు, ఎక్కువ రాత్రులుండే దేశాన్నే అడగాలి. పారిస్‌లో 3 రాత్రులు, స్విట్జర్లాండ్‌లో 4, ఇటలీలో 3 అనుకుంటే స్విట్జర్లాండ్‌కే పెట్టాలి. రాత్రులు సమానమైతే ముందు దిగే దేశానికి. "ఫలానా దేశం తేలిగ్గా ఇచ్చేస్తుందండీ, అక్కడ హోటళ్లు బుక్ చేసినట్టు చూపిద్దాం" అనే ఏజెంటు మాట వినకండి, పట్టుబడితే తిరస్కరణ పడేది మీ పేరు మీద. మధ్యలో లండన్ చూడాలంటే దానికి వేరే వీసా కావాలి. అక్కడి నుంచి మళ్లీ పారిస్ రావాలంటే షెంగెన్ వీసా మల్టిపుల్ ఎంట్రీది, అంటే ఒకటికి మించి సార్లు లోపలికి రానిచ్చేది, అయి ఉండాలి.

మన డెల్టా ఫైళ్లలో అసలు చూసుకోవాల్సింది బ్యాంకు స్టేట్‌మెంటు. ఆరు నెలలుగా ఇరవై, ముప్ఫై వేలు తిరుగుతున్న ఖాతాలో దరఖాస్తుకి వారం ముందు ఠపీమని 5 లక్షలు పడితే, అది బావమరిది సర్దిన డబ్బని చూసేవాడికి చెప్పక్కర్లేదు. ధాన్యం డబ్బు నేరుగా ఖాతాలోనే పడనివ్వండి, అమ్మిన రసీదు దాచండి. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి చాలామంది రైతులకి ఐటీ రిటర్నులుండవు. అలాంటప్పుడు పొలం రికార్డులైన 1బి, అడంగల్, పాసుపుస్తకం ఇంగ్లీషులోకి అనువాదం చేయించి పెట్టాలి. తిరిగొస్తారన్న నమ్మకం కలిగించేదీ ఆ పొలమే. రొయ్యల చెరువుల వాళ్లు మాత్రం ఈ పన్ను మినహాయింపు మనకీ ఉందనుకోకుండా ఆడిటరు గారితో ముందే మాట్లాడుకోండి.

పేర్ల దగ్గరా ఇబ్బందే. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. టికెట్, ట్రావెల్ ఇన్సూరెన్స్ పాస్‌పోర్టులో ఉన్నట్టే తీయించండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్లు మ్యారేజ్ సర్టిఫికెట్ జతచేయాలి.

పాస్‌పోర్టు ఇచ్చి పదేళ్లు దాటకూడదు, తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం 3 నెలలు గడువు, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. ఇన్సూరెన్స్ 30,000 యూరోలకి తగ్గకూడదు. ఫీజు పెద్దలకి 90 యూరోలు, వీసా రాకపోయినా వెనక్కివ్వరు. అందుకే డబ్బు తిరిగిరాని టికెట్లు వీసా రాకముందే కొనడం నాకు నచ్చదు. వేలిముద్రలకి పన్నెండేళ్లు నిండినవాళ్లంతా స్వయంగా వెళ్లాలి. ముందు షెంగెన్ వీసాకి ఇచ్చినవి 59 నెలల వరకు మళ్లీ వాడుకుంటారు.

పాస్‌పోర్టు చేతికొచ్చాక స్టిక్కరు మీద పేరు, తేదీలు, ఎన్ని రోజులు, ఎన్ని ఎంట్రీలు ఇచ్చారో అక్కడే నిలబడి చదవండి. తప్పుంటే ఆ రోజే చెప్పండి, రాత్రి రైలెక్కి ఇంటికొచ్చేశాక మళ్లీ హైదరాబాద్ తిరగాల్సి వస్తుంది.