చర్చికి కొత్తవాళ్ళు వచ్చిన రోజు మైకులో ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి

మా కోడలు మొదటిసారి మాతో చర్చికి వచ్చిన రోజు, ఆరాధన చివర్లో ఒక పెద్దాయన మైకు తీసుకుని, "అన్యుల్లోంచి వచ్చిన మన సహోదరి ఒకసారి నిలబడాలి, చప్పట్లతో ఆహ్వానిద్దాం" అన్నారు. చప్పట్లు బాగానే మోగాయి. పిల్ల లేచి నమస్కారం పెట్టి కూర్చుంది. ఇంటికొచ్చి బెండకాయలు తరుగుతూ అడిగింది: "అత్తయ్యా, అన్యులంటే పరాయివాళ్ళనే కదా?"

మాది గుంటూరు వైపు ఒక పాత మిషన్ చర్చి. 30 ఏళ్ళుగా అక్కడ ప్రకటనలు చదివేది నేనే. ఆ మాట నా నోటితో ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. మా చర్చిల్లో క్రైస్తవులు కానివాళ్ళని అలా అంటాం. కానీ బైబిల్లో అది యూదులు కానివాళ్ళందరికీ వాడిన మాట. ఆ లెక్కన మా చర్చిలో కూర్చున్న ప్రతి ఒక్కరూ అన్యులే. తెలియక కాదు, అలవాటైన మాట చెవికి వినపడదు.

అందుకే చర్చి ప్రకటనల్లో మాటలు సరిచేసే పని మొదలుపెట్టేటప్పుడు మీ చెవిని నమ్ముకోకండి. కొత్తగా వస్తున్నవాళ్ళలో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని, అర్థం కాని మాట వచ్చినప్పుడల్లా రాసిపెట్టమనండి. చుట్టమైతే మరీ మంచిది, మొహమాటపడకుండా చెబుతారు. మా కోడలు ఆఫీసు డైరీలో ఒక పేజీ నింపింది. కూడిక (ప్రార్థనకి చేరడం), భారం (ఫలానావాళ్ళ కోసం ప్రార్థించాలనే తపన), నడిపింపు (దేవుడు చూపే దారి), సాక్ష్యం (దేవుడు తనకి చేసింది అందరికీ చెప్పడం), బల్ల (రొట్టె, ద్రాక్షరసం తీసుకునే సంస్కారం), కాపరి (పాస్టరు). "కాపరి గారు ఊళ్ళో లేరు" అంటే వాచ్‌మన్ సెలవు పెట్టాడనుకుందట. "సహోదరుడు సాక్ష్యం చెబుతారు" అంటే ఏం కేసు జరుగుతోందా అని చూసిందట.

ఆ పేజీ పట్టుకుని అన్నీ మార్చేయాలని కూర్చోవద్దు. నేను అలాగే మొదలుపెట్టి, "స్తోత్రం" బదులు "థాంక్యూ దేవా" అని రాసుకుని, అద్దం ముందు చదివితే నాకే నవ్వొచ్చింది. తర్వాత వాటిని రెండుగా విడదీశాను. విని ఊరుకునే మాటలు ఒక రకం. స్తోత్రం, హల్లెలూయ లాంటివి. వాటి జోలికి వెళ్ళకండి, వింటూ వింటూ అవే వస్తాయి. విన్నాక ఏదో ఒకటి చెయ్యాల్సిన మాటలు రెండో రకం. లేవాలా, తెరవాలా, తినాలా, డబ్బు వెయ్యాలా? మనిషిని ఫలానా అని ముద్ర వేసే మాటలు కూడా ఇందులోకే వస్తాయి. సరిచేయాల్సింది వీటినే.

ఉదాహరణకి, ఏళ్ళ తరబడి నేను చదివింది ఇది: "వచ్చే ఆదివారం ప్రభురాత్రి భోజన సంస్కారం ఉంటుంది, అందరూ సిద్ధపడి రావాలి." అది విన్న మా కోడలు శనివారం నాడు, "రేపు రాత్రికి వంట వద్దుగా అత్తయ్యా, చర్చిలో భోజనాలుగా" అంది. అప్పుడు నవ్వాను. మర్నాడు పొద్దున అందరూ వరసగా లేచి ముందుకు వెళ్తుంటే, వెళ్ళాలో మానాలో తెలియక తను చున్నీ అంచు వేళ్ళకి చుట్టుకుంటూ కూర్చుంది. అది చూశాక నవ్వు రాలేదు.

ఇప్పుడు ఇలా చెబుతున్నాను: "ఇప్పుడు ప్రభురాత్రి భోజన సంస్కారం, అంటే ప్రభువు బల్ల. యేసు చనిపోయే ముందు రాత్రి శిష్యులతో చేసిన భోజనాన్ని గుర్తుచేసుకుంటూ రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటాం. మన చర్చిలో బాప్తిస్మం, కన్ఫర్మేషన్ (బాప్తిస్మం తర్వాత విశ్వాసాన్ని అందరి ముందు ఒప్పుకోవడం) అయినవాళ్ళు ముందుకొచ్చి మోకరిస్తారు. మిగతావాళ్ళు కూర్చునే ఉండండి, చాలామంది కూర్చునే ఉంటారు. పావుగంట పడుతుంది."

పాత మాట ఎక్కడికీ పోలేదు, పక్కన అర్థం చేరిందంతే. అన్నిటికంటే పనికొచ్చేవి చివరి రెండు ముక్కలు. తను ఒక్కతే కూర్చోలేదని, ఎంతసేపు కూర్చోవాలో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

"ఇరవై మూడో కీర్తన" అని కూడా ఊరికే అనకండి. మనవాళ్ళు సందర్భాన్ని బట్టి పాటల పుస్తకమో బైబిలో తీస్తారు. కొత్తవాళ్ళు రెండూ ఒళ్ళో పెట్టుకుని పక్కవాళ్ళ చేతుల్లోకి చూస్తారు. బైబిల్లోదైతే, నడిమికి తెరిస్తే దాదాపు అక్కడే ఉంటుందని చెప్పండి. యోహాను ఇంకో చిక్కు. ఆ పేరుతో సువార్త ఒకటి, పత్రికలు, అంటే ఉత్తరాలు, మూడు. సువార్త అయితే "కొత్త నిబంధనలో నాలుగో పుస్తకం" అని కలిపితే సరిపోతుంది. హబక్కూకు లాంటి చిన్న పుస్తకం అయితే పేజీ నంబరే గతి. అది దొరక్క మనలో ఎంతమంది పేజీలు తిప్పుతున్నట్టు నటిస్తామో నాకు తెలుసు.

కానుక సంచి వచ్చే ముందు, "కొత్తవాళ్ళు వెయ్యక్కర్లేదు, పక్కవాళ్ళకి అందించండి" అని ఒక్క ముక్క చాలు.

ఇక గుమ్మం. మా గుమ్మం దగ్గర మొదటి ప్రశ్న "మీరు ఏ మిషన్?" రెండోది "రక్షణ పొందారా?" మూడోది ఇంటిపేరు. మిషన్ అంటే మనకి చర్చి శాఖ, రక్షణ అంటే పాపాల నుంచి విడుదల. బయటివాళ్ళకి మిషన్ అంటే కుట్టుమిషన్ గుర్తొస్తుంది, రక్షణ అంటే పోలీసులు. ఇంటిపేరు సంగతి వేరు. అది ఎందుకు అడుగుతామో మన ఊళ్ళలో తెలియనివాళ్ళు లేరు. ఆ ప్రశ్న అర్థం కాక కాదు, బాగా అర్థమయ్యే మనిషి వెనక్కి తగ్గుతుంది. మూడూ మానిపించండి. "ఎంత దూరం నుంచి వచ్చారండీ? ఫ్యాను కింద కూర్చుంటారా?" అని అడగమనండి.

ప్రార్థన చేసేవాళ్ళతో విడిగా మాట్లాడాలి. "ఈ బిడ్డకు మారుమనస్సు దయచేయుము" (పాపం విడిచి దేవుడి వైపు తిరిగేలా చెయ్యి) అని మైకులో అంటే దేవుడితో చెప్పినట్టే ఉంటుంది గానీ, వింటున్నది ఆ బిడ్డ. పేరెత్తి ప్రార్థించాలనుకుంటే, ఏం కోరుకుంటుందో ముందే అడగండి. మా కోడలు అడిగింది వాళ్ళ నాన్నగారి మోకాలి ఆపరేషన్ గురించి.

పాత మాటలు ముట్టుకుంటే పవిత్రత పోతుందని ఎవరో ఒకరు అంటారు. వాదించకుండా బైబిల్లో మొదటి కొరింథీ పత్రిక 14వ అధ్యాయం చదవమనండి. ఎవరికీ అర్థం కాని భాషలో పదివేల మాటలకంటే అర్థమయ్యే అయిదు మాటలు మేలన్నాడు పౌలు. అక్కడ ఆయన మాట్లాడేది అన్యభాషల గురించే అయినా, మన కూడికలకీ భారాలకీ చక్కగా సరిపోతుంది.

అలాగని గ్రాంథికమంతా అడ్డమేమీ కాదు. పాత కీర్తనలు ఆ పిల్లకి కొరుకుడు పడవనుకున్నాను. తీరా చూస్తే ఆమెకి నచ్చినవి అవే. మా పాటల పుస్తకంలో కీర్తన పైన రాగం, తాళం వేసి ఉంటాయి. చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్నది కదా, ఒక ఆదివారం మేం గొంతెత్తి పాడుతుంటే, మేం పాడేది పుస్తకంలో ఉన్న రాగం కాదని నా చెవిలో చెప్పింది.

పోయిన నెల ఇంకో కుటుంబం కొత్తగా వచ్చింది. ఆ పెద్దాయనే మైకు పట్టుకుని "అన్..." దాకా వచ్చి, నావైపు ఒక చూపు చూసి, "అన్నట్టు, బయట టీ పెట్టారు, కొత్తగా వచ్చినవాళ్ళు తాగి వెళ్ళండి" అన్నారు.