ఏటీవీ (నాలుగు చక్రాల బైకు) బ్రేక్ ఆయిల్ మార్చే ముందు జాగ్రత్తలు

అందరం బ్రేక్ ఆయిల్ అనే అంటాం కానీ ఇది ఆయిల్ కాదు. ఇంజిన్ ఆయిల్ కలిస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడైపోతాయి.

• హ్యాండిల్ మీది బ్రేక్ ఆయిల్ డబ్బా మూతపై దాని రకం డాట్ 3 అనో, డాట్ 4 అనో రాసి ఉంటుంది. అదే కొనండి. డాట్ 5 సిలికాన్ రకం, వీటితో కలపకూడదు.

• సీల్ తీయని కొత్త సీసానే వాడండి. ఈ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరితే తక్కువ వేడికే మరిగి బుడగలు కడుతుంది. గుట్ట దిగుతుండగా బ్రేక్ లివర్ మెత్తగా లోపలికి పోతుంది. అప్పుడు చేయగలిగింది ఏమీ ఉండదు. అందుకే నిరుడు మిగిలిన సగం సీసా వద్దు.

• మూత చుట్టూ ఎండిన బురద బాగా తుడిచాకే తెరవండి. ఇసుక రేణువు చాలు, సీలు గీసుకుపోవడానికి.

• కళ్లద్దాలు, గ్లౌజులు. పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి. బ్రేక్ ప్యాడ్లకు అసలు తగలకూడదు.

• నిప్పుల్‌కు (చక్రం దగ్గర బ్రేక్ మీద, పాత ద్రవం బయటికి వదిలే చిన్న స్క్రూ) రింగు స్పానరే పెట్టండి.

• లివర్ నొక్కి ద్రవం వదిలినప్పుడల్లా, నిప్పుల్ బిగించాకే లివర్ వదలాలి, లేదంటే గాలిని లోపలికి లాగేస్తుంది. డబ్బా ఖాళీ కానివ్వకండి.

• లివర్ గట్టిపడ్డాక ముందు చదును నేల మీదే, మెల్లగా నడిపి చూడండి.