హోమ్ ఆఫీస్ డిప్రిసియేషన్: అమెరికాలో ఇల్లు అమ్మేటప్పుడు పన్ను ఎంత పడుతుంది?

అమెరికాలో ఉంటున్న ఇల్లు అమ్మితే భార్యాభర్తలకు కలిపి 5 లక్షల డాలర్లు, ఒక్కరే అయితే 2.5 లక్షల డాలర్ల దాకా లాభానికి పన్ను ఉండదు. అమ్మేనాటికి వెనక ఐదేళ్లలో కనీసం రెండేళ్లు ఆ ఇల్లు మీదై, అందులో మీరు కాపురం ఉండాలి. అయితే ఆఫీసు గది పేరుతో 1997 మే 6 తర్వాత తీసుకున్న డిప్రిసియేషన్ (కట్టడం అరుగుదల కింద ఏటా రాసుకునే ఖర్చు) మేరకు ఈ మినహాయింపు వర్తించదు.

డబ్ల్యూ-2 జీతగాళ్లకు 2018 నుంచి ఫెడరల్ రిటర్నులో హోమ్ ఆఫీస్ డిడక్షన్ (ఆదాయంలోంచి తీసేసే ఖర్చు) లేదు. కరోనా రోజుల్లో ఇంటి నుంచే పనిచేసినా సరే, ఆ ఏళ్ల గురించి కంగారు పడకండి. ఈ గొడవంతా ముఖ్యంగా షెడ్యూల్ సి (సొంత వ్యాపార ఆదాయం చూపే ఫారం) వేసే కన్సల్టెంట్లకు, చిన్న వ్యాపారులకు.

ముందు పాత రిటర్నులన్నీ తీయండి. చదరపు అడుగుకు 5 డాలర్ల లెక్కన, గరిష్ఠంగా 1,500 డాలర్లు తీసుకునే సులువు పద్ధతి వాడిన ఏళ్లకు డిప్రిసియేషన్ సున్నా. మిగతా ఏళ్లకు ఫామ్ 8829 (హోమ్ ఆఫీస్ ఖర్చుల ఫారం) మూడో భాగంలో ఉన్న అంకెలు కూడండి.

4,50,000 డాలర్లకు కొన్న ఇల్లు అనుకుందాం. స్థలం 90,000 తీసేస్తే (స్థలానికి డిప్రిసియేషన్ ఉండదు) కట్టడం 3,60,000. 2,400 అడుగుల ఇంట్లో 240 అడుగుల గది అంటే 10 శాతం, 36,000. దాన్ని 39 ఏళ్లకు పంచితే ఏడాదికి సుమారు 923, ఎనిమిదేళ్లకు 7,384. ఆ మేరకు ఇంటి ఖరీదు లెక్కలో తగ్గుతుంది. 7 లక్షలకు అమ్మితే, ఖర్చులు పక్కనబెడితే, లాభం 2,57,384. అందులో 2,50,000 మినహాయింపులో పోతుంది, 7,384కే పన్ను. రేటు 25 శాతం మించదు. మీ శ్లాబు 22 అయితే 22 శాతమే. లాభమే లేకపోతే ఇదీ లేదు.

లాభంలో 10 శాతం, అంటే పాతికవేలకు పైగా, పన్ను లెక్కలోకి వస్తుందని బెంగపడేవాళ్లున్నారు. ఆఫీసు అదే ఇంట్లో గది అయితే లాభాన్ని అలా విడదీయక్కర్లేదు. పెరట్లో విడిగా కట్టిన ఆఫీసుకు మాత్రం విడదీయాలి.

డిప్రిసియేషన్ తీసుకునే హక్కుండీ తీసుకోకపోతే ఏమిటి? చట్టం తీసుకున్నట్టే లెక్కేస్తుంది. కానీ తీసుకోలేదని రికార్డులతో చూపగలిగితే, మినహాయింపు దక్కని మొత్తాన్ని నిజంగా తీసుకున్నదానికే పరిమితం చేసుకోవచ్చు. అందుకే పాత రిటర్నులు పారేయొద్దు.

ఈ పన్నుకు భయపడి డిడక్షన్ వదులుకోవడం చాలామందికి నష్టమే. షెడ్యూల్ సి మీద అది ఆదాయపు పన్నుతో పాటు సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ పన్నునూ (సొంతంగా పనిచేసేవాళ్లు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్‌లకు కట్టేది) తగ్గిస్తుంది. అమ్మేటప్పుడు ఆ రెండోది మళ్లీ కట్టనక్కర్లేదు.

క్లోజింగ్ రోజు, అంటే అమ్మకం పూర్తయ్యే రోజు, ఆ పని చూసే టైటిల్ కంపెనీ ఇచ్చే కాగితాల్లో, ఇంటిని వ్యాపారానికి వాడలేదని ధ్రువీకరించే పత్రం ఒకటి ఉంటుంది. సంతకం చేస్తే 1099-ఎస్ (అమ్మకం వివరాలు పన్ను శాఖకు తెలిపే ఫారం) రాదు. ఆఫీసు గది చూపించినవాళ్లు దాని మీద సంతకం చేయకూడదు. 1099-ఎస్ తీసుకుని, అమ్మకాన్ని రిటర్నులో చూపించాలి.