అమెరికా డీవీడీలు మా ఇంట్లో ఆడించిన విధానం: నా అనుభవం

అమెరికాలో ఉండే మా అక్క, ఈసారి కావలి వచ్చినప్పుడు పిల్లల కార్టూన్ డీవీడీలు కొన్ని మాకిచ్చి వెళ్లింది. మా కంప్యూటర్లో ఒక్కటీ ఆడలేదు. రీజియన్ సరిపోలేదని మెసేజ్. డిస్కుల మీద గీత కూడా లేదు. అట్ట వెనక చిన్న భూగోళం బొమ్మ, దాని మధ్యలో 1 అంకె ఉన్నాయి. అసలు సంగతి అదే.

డీవీడీల కోసం ప్రపంచాన్ని రీజియన్లుగా విడగొట్టి, ఒక్కోదానికి ఒక నంబరు ఇచ్చారు. డిస్కు నంబరు, డ్రైవు నంబరు కలిస్తేనే ఆడుతుంది. అమెరికా, కెనడాలది 1. యూరప్, జపాన్‌లది 2. మనది 5. 2000 నుంచి వచ్చిన డీవీడీ డ్రైవులు ఈ నంబరును తమ ఫర్మ్‌వేర్‌లోనే, అంటే డ్రైవు లోపలే ఉండే ప్రోగ్రామ్‌లోనే దాచుకుంటాయి. మనం 5 సార్లే మార్చగలం, చివరిసారి పెట్టిందే ఇక ఖాయం. విండోస్ మళ్లీ ఎక్కిస్తే లెక్క మొదటికొస్తుందంటారు. రాదు, లెక్క ఉండేది డ్రైవులో. డబ్బులు పెట్టి కొన్న డిస్కుకు ఈ సంకెళ్లేమిటని నాకు ఒళ్లు మండింది.

విండోస్ డివైస్ మేనేజర్‌లో డ్రైవు ప్రాపర్టీస్ తెరిస్తే డీవీడీ రీజియన్ ట్యాబ్ ఉంటుంది. ఇప్పుడున్న రీజియన్, ఇంకా ఎన్ని మార్పులు మిగిలాయో అక్కడే కనిపిస్తాయి. మన సినిమాల కోసం దాన్ని 5లోనే ఉంచేశాను. నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక రిపేరు షాపులో పాత ల్యాప్‌టాప్ నుంచి తీసిన డ్రైవు, దానికో యూఎస్‌బీ కేసు కొన్నాను. డబ్బులిచ్చేముందే అక్కడ తగిలించి, మార్పులు మిగిలున్నాయో లేదో చూసుకున్నా. ఇంటికొచ్చి దాన్ని 1కి మార్చాను, డిస్కులన్నీ ఆడాయి.

వీఎల్‌సీ అనే ఉచిత వీడియో ప్లేయర్‌తో రీజియన్ మార్చకుండానే చాలా డ్రైవుల్లో పనవుతుంది, కొన్ని డ్రైవులు మాత్రం ఒప్పుకోవు. పెళ్లి వీడియోల డిస్కులకు ఈ గొడవే ఉండదు.