స్పీకర్ పెట్టెలో బోలు మోత ఎలా తగ్గించానంటే

కావలిలో మా ముందు గదికి మూడంగుళాల ఫుల్ రేంజ్ స్పీకర్లతో (బాస్ నుంచి సన్న శబ్దాలదాకా అన్నీ ఒక్కటే పలికించేవి) ట్రాన్స్‌మిషన్ లైన్ పెట్టెలు కట్టుకున్నాను. స్పీకర్ వెనుక పుట్టే ధ్వని మడతలు పెట్టిన పొడవాటి గొట్టంలో తిరిగి కింది నోటి గుండా బయటికొస్తుంది. ధ్వని వేగం సెకనుకు దాదాపు 343 మీటర్లు కాబట్టి, 70 హెర్ట్జ్ దగ్గర మోగే గొట్టం పొడవు, అంటే ఆ తరంగంలో నాలుగో వంతు, సుమారు 1.22 మీటర్లు. మూడు మడతలు వేస్తే అది బల్లమీద పట్టేస్తుంది.

మృదంగం నిండుగా పలికింది. మగ గొంతు మాత్రం కుండలోంచి వస్తున్నట్టుంది. ఫోనులో టోన్ జనరేటర్ (కోరిన హెర్ట్జ్‌లో ఒకే స్వరం పలికించే యాప్) పెట్టి మెల్లగా పైకి జరిపితే, సరిగ్గా 210 హెర్ట్జ్ దగ్గర మోత ఉబ్బింది. అంటే 70కి మూడింతలు. ఒక చివర మూసిన గొట్టం బేసి గుణిజాల దగ్గరే మోగుతుంది మరి. మూసిన చివరి నుంచి మూడో వంతు దూరంలో స్పీకర్ బిగిస్తే ఈ మోత చాలావరకు లేవదు. కట్టేసిన పెట్టెకు దూదే మార్గం.

1965లో బ్రిటన్‌లో ఇలాంటి పెట్టెను రూపొందించిన ఆర్థర్ బెయిలీ అందులో పొడవాటి గొర్రె ఉన్ని వాడారు. మన నెల్లూరు గొర్రెకు ఉన్ని ఎక్కడిది, ఉన్నది వెంట్రుకే! పరుపులు కుట్టే ఆయన దగ్గర బూరుగు దూది తెచ్చి, వేళ్లతో విడదీసి, మూసిన చివరి నుంచి సగందాకా వదులుగా నింపాను. గొంతు తేటపడింది. నోటివైపు ఖాళీగానే ఉంచాలి, అక్కడ కుక్కితే బాస్ పోతుంది. దూది పోగులు స్పీకర్‌లో కదిలే కోన్‌కు తగలకుండా స్పీకర్ వెనుక దోమతెర గుడ్డ అడ్డం కట్టండి.